నాలుగో పన్ను

వానలో మాలకొండయ్య కర్ర తిప్పితే
ఒంటి మీద చినుకు పడదని
ఉదయగిరిలో చెప్పుకొనేవాళ్ళు.
నేను చూశాను. పడింది.
రెండో మూడో, ఎడమ భుజం మీద.

తాలింఖానా ఉస్తాదు
పన్నెండేళ్ళు నేర్పినవాణ్ణి
ఒక్క రాత్రిలో వెళ్ళగొట్టాడు,
పీర్లు గుండం దిగే వేళ తాగొచ్చి
ఆటకు పట్టిన కర్రతో
సాటి కుర్రాడి దవడ పగలగొట్టినందుకు.
"నా కాడ నేర్చుకున్నానని యాడా చెప్పబాక" అన్నాడంట.
చెప్పలేదు.
గురువెవరని అడగని చోట చేరాడు,
రోజువడ్డీ వెంగయ్య గల్లాపెట్టె వెనక.

మా అబ్బా ఆరువేలు బాకీ.
నర్ది చెక్కని ఫారెస్టోళ్ళు బండితో సహా పట్టుకుపోయిన ఏడు.
నాకు పదకొండు. చంకలో బిందె దించుతున్నా.
కర్ర లేవడం కనపళ్ళేదు.
శబ్దం మాత్రం తెలుసు.
ఎండిన పాలబరిక కొమ్మని
ఎక్కడ విరవాలో తెలిసినవాడు
అక్కడే విరిస్తే వస్తుంది.
కుడి మణికట్టు.
గరిటె తొలిచే చెయ్యి.
అడుగు తప్పలేదు, ఆయనకి ఊపిరైనా ఎగరలేదు.
అంత బాగా నేర్చుకున్నాడు.

మూడేళ్ళు.
అమ్మ బీడీలు చుట్టింది.
అబ్బా ఎడమ చేత్తో ఉప్పు చెంచాలు చెయ్యబోతే
తెడ్లయ్యాయి.
ఆయనే నవ్వి పొయ్యిలో పెట్టాడు.

ఒకరోజు పొద్దున్నే
మా గడపకి బారెడు దూరంలో
గొంతుకూర్చోనుండాడు మాలకొండయ్య,
గడ్డం నెరిసి.
ఇంకెవరి కేసులోనో నెల్లూరు జైల్లో ఉండొచ్చాడంట.
మాట లేదు. కర్రని రెండు చేతులా పట్టి
అబ్బా ముందు పెట్టాడు.
అబ్బా గోటితో గీకి చూసి
"ఇది వెదురు. గరిటెకు పనికిరాదు" అని
లోపలికి పోయాడు.

ఆ కర్ర మా బట్టలారేసే తీగకి ఊతైంది.
మనిషి రెండో రోజూ వచ్చాడు. పదో రోజూ.
పదకొండో రోజు అబ్బా
గోడతో అన్నట్టు
"రంపం పళ్ళు నూరాల" అన్నాడు.

చెయ్యి ఆయనది, చూపు మా అబ్బాది.
"లోనికి. ఇంకా లోనికి. ఆపు.
చెక్క అరస్తా ఉండాది, వినబళ్ళా?"
వినబళ్ళేదు, ఏడాది పాటు.

అమ్మ టీ గ్లాసు నేల మీద పెట్టేది,
మొహం అటు తిప్పి.
నేను వీపుకేసి రాళ్ళు విసిరేదాన్ని.
చినుకుని తప్పించుకుంటాడన్న మనిషి
ఒక్క రాయీ తప్పించుకోలేదు.

వెంగయ్య కొత్త పిలకాయల్ని పంపాడు, ముగ్గుర్ని.
వడ్డీకి వడ్డీ అంట.
మాలకొండయ్య చేతిలో సగం తొలిచిన గరిటె.
మొదటి దెబ్బ దాని మీద కాచుకున్నాడు,
రెండోది మోచేతి మీద.
మూడోది కాచుకోలేదు.
ముందున్నవాడి కాళ్ళకేసి చూసి
"మడమ ఎత్తబాకరా, జారతావు" అన్నాడు.
వాడు ఎత్తాడు, జారాడు,
మురుక్కాలవలో పడ్డాడు.
మిగతా ఇద్దరికీ ఏం చెయ్యాలో తోచక
వాణ్ణి లేపుకొని పోయారు.
ఆయన కొట్టింది లేదు.
బాకీ మాత్రం అట్నే ఉండింది.
గరిటెలమ్మి తీర్చాం, ఇంకో రెండేళ్ళకి.

అబ్బా పోయిన రోజు
అందరూ లోపలికి వస్తా ఉంటే
ఆయన తీగ కింద, ఆ కర్ర పక్కనే నిలబడ్డాడు.
అమ్మ చూసింది.
"జనాజాకి ఆ మనిషిని కుడిపక్క పట్టమను" అంది.
ఎందుకని చాన్నాళ్ళకి అడిగితే,
"మీ అబ్బాకి కుడిపక్క బలం లేదు గదా" అంది,
బియ్యంలో రాళ్ళేరుతా.

ఆయన చేసిన మొదటి ఫోర్కు
నా దగ్గరుంది.
నాలుగో పన్ను వంకర.
అబ్బా పారెయ్యమన్నాడు గానీ
పారేశానా లేదా అని
మళ్ళీ అడగలేదు.